మా ఆవిడ అద్దం, జశుబెన్ ఏసీ

మా ఆవిడ వసంతలక్ష్మి వెండి లవణాన్ని కొళాయి నీళ్లలో వేయగానే గ్లాసంతా పాలు పోసినట్లయింది. ఆమె ముఖం పాలిపోయింది. నాకేమీ పాలుపోలేదు.

ఆ లవణం పేరు సిల్వర్ నైట్రేట్. తేటగా కరగాలి. ఆ తేటనీటిలో అమ్మోనియా, ఆపైన గ్లూకోజు చేరిస్తే, సీసా లోపలి గోడకు వెండిపూత పట్టి అద్దమవుతుంది. అది కరోనా రెండో దఫా వేసవి. బడులు మూత. ఆవిడ చెప్పే పన్నెండో తరగతి కెమిస్ట్రీ అంతా ఈ గుజరాతీ ఊళ్లోని మా అడాజన్ ఫ్లాటు వంటింట్లోంచే, ఫోను ముందు. ఫోను పట్టుకోవడం నా ఉద్యోగం. పేరుకు త్రివిక్రమరావునే గానీ, మూడో అడుగు ఆ వంటింట్లో పెట్టనివ్వదు.

ఈ అద్దం వినోద కోసం. ఉన్‌ పేటలో ఉండే తెలుగు మరమగ్గం కార్మికుడి కూతురు. నిన్నటి క్లాసులో మొహమాటం లేకుండా అడిగేసింది.

"మేడం, గివన్నీ నిజంగ ఐతయా, బుక్కుల్నే ఐతయా? మా నాయిన ఎల్లుండి జగిత్యాల పోదామంటుండు. ఆడికి పోయినంక నేనైతే గీ సైన్సు బంద్ చేస్త. కండ్లతోని చూడనిదాన్ని ఎన్నొద్దులు బట్టీ కొట్టాలె?"

"రేపు సాయంత్రం నీ కళ్లముందే అద్దం చేస్తా. అది చూశాక మానేద్దువుగానిలే," అంది వసంత.

బడి ల్యాబు నుంచి అడిగి తెచ్చుకున్న బుల్లి సీసాలో ఇక చిటికెడు లవణమే మిగిలింది. దుకాణాలు కట్టేశారు. సాయంత్రం ముంచుకొస్తోంది.

"నీళ్లు మరగబెట్టు," అన్నాను.

"మరిగితే పోయేది నీళ్లండీ, అందులో ఉప్పు కాదు. ఆ ఉప్పులో ఉన్న క్లోరైడే మన వెండిని పట్టుకుని తెల్లగా విరిచేస్తోంది."

"పోనీ, వడగట్టు."

"వడగడితే పారబోసేది మన వెండినే."

ఇంకొకరైతే కంగారులో ఆ చిటికెడూ గ్లాసులో కుమ్మరించేవారు. ఈవిడ నా నల్లగొడుగు తెచ్చి బల్లమీద పరిచింది. దానిమీద గాజు గిన్నెలు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో రకం నీళ్లు చెంచాడేసి పోసి, ఒక్కో పలుకు లవణం వేసింది. నా పలుకులు మాత్రం వద్దంది. కొళాయి నీళ్లలో మబ్బు. మరగబెట్టిన నీళ్లలో ఇంకాస్త ముదురు మబ్బు. ఫిల్టరు నీళ్లలో పలచటి మంచు. నల్లగుడ్డ మీద ఏ నీరూ తన గుట్టు దాచుకోలేకపోయింది.

నేను పనిచేసే హజీరా ఫ్యాక్టరీలో మేం లీకు ఎక్కడో తెలియకముందే తప్పెవరిదో తేల్చేస్తాం. ఈవిడ ఎవర్నీ తిట్టలేదు. నేరుగా నీళ్లనే అడిగింది.

"వాననీళ్లయితే బాగుండేది," అంటూ బాల్కనీ గోడమీది మరకకేసి చూసి ఆగిపోయింది. పై అంతస్తు జశుబెన్ ఏసీ పైపు కార్చిన మరక అది. దాని గురించే ఆవిడకూ నాకూ రెండు వేసవులుగా యుద్ధం.

"ఏసీ నీళ్లంటే గాలిలో ఆవిరేనండీ, చల్లబడి కారుతుంది. అందులో ఉప్పుండదు!"

మా ఏసీ చెడి పడుంది, మెకానిక్ రాడు. జశుబెన్‌దేమో బాగానే ఉంది గానీ, కరోనా గాలి తిప్పుతుందన్న భయంతో ఆవిడ పదిరోజులుగా దాని జోలికి పోవడం లేదు.

"మీరే అడగండి. ఇంట్లో పెద్ద నోరు మీదే."

బాల్కనీలో తలెత్తి, "జశుబెన్! ఏసీ చాలూ కరో నే!" అని గుజరాతీలో అరిచాను.

మాస్కు పెట్టుకున్న తల ఒకటి వంగింది. "అత్యార్ సుధీ తో బంధ్ కరో, బంధ్ కరో! హవే చాలూ?" ఇన్నాళ్లూ కట్టేయమని గొంతు చించుకుని ఇప్పుడు వేయమంటావేం అని.

నీళ్లు అడగడానికి వెళ్లి నీళ్లు నమిలాను. వసంత వచ్చి, ఒక పిల్ల చదువు దీనిమీద ఆగి ఉందని చెప్పింది. జశుబెన్ మారుమాట లేకుండా కిటికీలు తెరిచి ఏసీ వేసింది.

టప్. టప్. నేను తిట్టిపోసిన ఆ చుక్కల్నే వసంత గాజుగిన్నెలో పట్టి, మొదటివాటితో గిన్నె కడిగేసింది. తరవాతి వాటిలో ఒక పలుకు వేసింది. గొడుగు నల్లగా, నీరు తేటగా. ఏమీ జరగకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆవిడ పట్టపగలే నాకు చుక్కలు చూపించింది.

క్లాసు మొదలైంది. ఆ నీళ్లతో అన్నీ కలిపి, వేడినీళ్లలో నిలబెట్టిన సీసా మొదట గోధుమరంగుకు తిరిగింది. ఇదీ పోయిందనుకున్నాను. వసంత మాత్రం సీసాను నెమ్మదిగా తిప్పుతూనే ఉంది. కాసేపటికి అడుగునుంచి తళుకు పాకింది. అడ్డం తిరిగిన పని అద్దమైంది.

ఫోనులో వినోద గొంతు. "మేడం... సారు ముక్కు కనబడుతుంది!"

సీసాలో గుమ్మడికాయంత ఉన్న నా ముక్కు చూసి క్లాసంతా నవ్వింది. వినోద నవ్వలేదు.

"మేడం, మా రూముల ఏసీ ఏడికెల్లి వస్తది? అన్నం వండుతుంటె మూతకు చుక్కలు పడతయి గద. గా నీళ్లు పనికొస్తయా?"

వసంత నన్ను చూసింది. నేను పై అంతస్తు వైపు చూశాను. పొయ్యి పక్కనే నిలబడి పైకి దండాలు పెట్టానన్నమాట!

"పనికొస్తాయే తల్లీ! నాకు తట్టనేలేదు చూడు. బియ్యం మాత్రం వేయకు. ఉత్త నీళ్లు కాచి, మూతమీది చుక్కలు శుభ్రమైన గాజు సీసాలోకి పట్టు. బడి తెరిచి నువ్వు తిరిగొచ్చాక లవణం నేనిస్తా. అప్పటిదాకా క్లాసు మానకూడదు మరి."

వినోద ఫోనుకు ఎడంగా తిరిగి అరవడం వినబడింది.

"నాయినా! జగిత్యాల్ల మనింట్ల సిగ్నల్ ఉంటదా? జర అడుగు! లేకుంటె నేను రాను!"