నాలుగో పొరలో నీలిపూస

మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చిన రోజు మొదలు మా ఆయనకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ముప్ఫై రెండేళ్ళ కిందట మా ఊరి గుట్ట మీద జరిగిన తవ్వకాల్లో పనిచేసి ఇంకా బతికున్నవాళ్ళు వస్తే, వాళ్ళ మాటలు రికార్డు చేసుకుంటారట. "మా ఆవిడ చేత్తో కడిగిన పూసే కదా అది" అని పాల దుకాణంలోనూ మంగలి షాపులోనూ టాంటాం చేసొచ్చాడు. ఆ షాపు పేరు కూడా నీలిపూస సెలూనే. బడిపిల్లల చొక్కా జేబు మీద ఆ పూస, బస్టాండు గోడ మీద ఆ పూస. మేం అనుకున్నదానికంటే మా ఊరు ఆరువందల ఏళ్ళు పాతదని ఆ పూస వల్లే తేలిందని ఏ పిల్లని లేపి అడిగినా గడగడా అప్పజెబుతుంది.

అది నిజం కాదు. కాదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తప్పు చేసిందీ నేనే, చేయలేదని చెప్పిందీ నేనే. ఊరి వయసు సంగతి అలా ఉంచండి, అది పెరిగినా తరిగినా ఎవరికీ కడుపునొప్పి రాదు. కానీ నా మాట వల్ల చదువుకున్న పిల్ల ఒకతి దొంగమాటలు చెప్పిందనిపించుకుని పని పోగొట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళుగా ఆ మ్యూజియం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఎదురు పేవ్‌మెంటు మీదికి మారి నడుస్తున్నాను. ఈసారి తప్పించుకోలేకపోయాను.

మ్యూజియం అంటే పాత పోస్టాఫీసులో మూడు గదులు. ఫినాయిలు వాసన. మొదటి గదిలో మూతి విరిగిన కుండలు, రెండో గదిలో రాతి గొడ్డళ్ళు, మూడో గదిలో నట్టనడుమ అద్దాల పెట్టెలో, తనకంటూ ఒక దీపంతో, మినపగింజకన్నా కాస్త పెద్దదైన నీలిపూస. కింద అట్టముక్క మీద "నాలుగో పొర" అని అచ్చుతో ఉంది. గోడ మీద, ఆ తవ్వకాలు జరిపించిన పెద్దసారు ఫోటోకి పూలదండలా చుట్టూ బల్బులు పెట్టారు. ఆయన పోయి పదేళ్ళయింది.

"చూశావా, నిన్నటి పూసలా ఎలా మెరుస్తోందో. అంతా నీ కడుగుడు మహిమే" అన్నాడు మా ఆయన.

"నోరు మూసుకుని చూడు" అన్నాను. తేలు కుట్టిన దొంగలా నేను ఆ పెట్టె వంక చూడకుండా నేల వంక చూస్తున్నాను.

మ్యూజియం చూసుకునే కుర్రాయన మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, బల్ల మీద రికార్డరు పెట్టి ఎర్ర దీపం వెలిగించాడు. "అమ్మా, మీ పనేమిటో మొదటి నుంచీ చెప్పండి. తొందరేం లేదు" అన్నాడు.

పని గురించయితే ఎంతసేపైనా చెప్పగలను. గుంటలో ఒక్కో పొర తవ్వినప్పుడల్లా దొరికిన పెంకులూ పూసలూ సంచిలో వేసి, ఏ గుంట, ఎన్నో పొర, ఏ తేదీ అని మందపాటి కాగితం టికెట్టు మీద రాసి పంపేవాళ్ళు. నేను ఆ సంచిని తొట్టిలో విప్పి, పళ్ళు తోమే బ్రష్షుతో ఒక్కో ముక్కా తోమి, జల్లెడ ట్రేలో ఎండబెట్టి, టికెట్టు ఎగిరిపోకుండా మీద గులకరాయి పెట్టాలి. అన్నింటికీ మించిన నియమం ఒకటుంది: ఒకసారి ఒకే సంచి, ఒకే ట్రే. రెండోది విప్పాలంటే మొదటిది ఆరి, లోపలికి వెళ్ళిపోవాలి. ఎంత కింది పొరైతే అంత పాతది, ఏ ముక్క ఏ పొరదో తెలియకపోతే అది ఉత్త మట్టిబెడ్డ అని చెప్పేది చిన్నమేడం.

మేం పెట్టిన పేరే చిన్నమేడం. పెద్దసారు కింద రాతపని చూసే పిల్ల, ఇరవై నాలుగేళ్ళుంటాయి. మాతోపాటు నేల మీద కూర్చుని తినేది.

ఆ పూస కడగడానికి వచ్చిన రోజు మా అమ్మాయికి ఒళ్ళు కాలిపోతోంది. పక్కింటావిడకు అప్పజెప్పి వచ్చాను. మబ్బు పట్టి ఉక్కపోస్తోంది, ఆకు కదలడం లేదు, ముక్కలు ఎంతకీ ఆరవు. పెందలాడే ఇంటికి పోవాలని రెండు సంచులు ఒకేసారి విప్పాను, రెండో పొరదీ నాలుగో పొరదీ. లేచేటప్పుడు మోకాలు తగిలి రెండు ట్రేలూ కింద పరిచిన పట్టా మీద బోర్లాపడ్డాయి. చుట్టూ చూశాను, ఎవరూ లేరనుకున్నాను. నల్లటి పెంకులన్నీ నాలుగో దాంట్లోకి, ఎర్రటివన్నీ రెండో దాంట్లోకి ఏరేశాను. నీలిపూస మధ్యలో దొర్లి ఉంది. చేతికి దగ్గరగా నాలుగో ట్రే ఉంది, అందులో పడేశాను. అంతే జరిగింది.

మర్నాడు పెద్దసారు ఆ పూసని అరచేతిలో పెట్టుకుని పసిపిల్లాడిలా గంతులేశారు. చిన్నమేడం మాత్రం, "ఇది నాలుగో పొరదని చెప్పలేం సార్. ట్రేలు కలిసిపోయాయి" అంది. ఆయన నన్ను పిలిపించారు. అందరి ముందూ అడిగారు.

"లేదు సార్. నేను ఎప్పుడూ ఒక్క ట్రేనే కడుగుతాను" అన్నాను.

చిన్నమేడం నా వంక చూసింది. తన రాతలో తప్పులుంచుకుని కడుపు కోసం కష్టపడే మనిషి మీదికి తోస్తావా అని సారు ఆమెను నానా మాటలూ అన్నారు. మూడు రోజుల తరవాత ఆమె పెట్టె సర్దుకుంది. బస్సెక్కే ముందు తొట్టి దగ్గరికొచ్చి, "పాపకి జ్వరం తగ్గిందా?" అని అడిగింది. తలెత్తకుండానే తగ్గిందన్నాను.

ఇవేవీ నేను రికార్డరుకి చెప్పలేదు. బ్రష్షు గురించీ గులకరాళ్ళ గురించీ చెప్పి ఆపేశాను. మా ఆయన మధ్యమధ్య అందిస్తూనే ఉన్నాడు.

"మీరు చిన్నమేడం అంటున్న ఆవిడని కూడా పిలిచాం. ఎక్కడో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. వచ్చి కొత్తగా చెప్పేదేం లేదు, అప్పుడే రాసేశాను అన్నారు" అంటూ కుర్రాయన బీరువాలోంచి అట్ట ఊడిన పుస్తకం తీశాడు. "పెద్దసారు వాళ్ళింటి నుంచి పోయిన నెలే వచ్చింది. ఆవిడ రోజూ రాసిన డైరీ. ఒక పేజీ మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. చదువుతాను, మీకేమైనా గుర్తొస్తుందేమో."

చదివాడు. "సాయంత్రం పెద్ద గాలి లేచి పట్టా ఎగిరింది. ఆరబెట్టిన రెండు, నాలుగు పొరల ట్రేలు ఒరిగి ముక్కలు కలిసిపోయాయి. నీలిపూస ఏ పొరదో చెప్పలేం. ఇది నేను కళ్ళారా చూశాను. ఇందులో కడిగే ఆమె తప్పేమీ లేదు."

ఆ పిల్ల చూసింది. నా మోకాలు తగలడమూ చూసింది, నేను ఏరెయ్యడమూ చూసింది. చూసి, నా కూలి పోకూడదని లేని గాలిని తెచ్చి రాసింది. నేను ఎదురుగా నిలబడి అబద్ధమాడినప్పుడు కూడా, చూశానని ఒక్క ముక్క అంటే తన పని నిలబడేది. అనలేదు. అది నా అదృష్టమనుకుని ఇన్నాళ్ళూ బతికాను. నాకంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

కుర్రాయన ముఖం వెలిగిపోతోంది. "గాలి సంగతి మీరు కూడా అవునంటే చాలమ్మా, ఆవిడ రాసింది నిజమని తేలిపోతుంది. పెట్టె కింద అట్ట మార్చేస్తాను. గుర్తు తెచ్చుకోండి, ఆ రోజు గాలి బాగా వీచింది కదూ?"

ఎంత సులువో చూడండి. అవునంటే ఆమె పేరు నిలబడుతుంది, నాకూ మచ్చ అంటదు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ పిల్ల నాకు తప్పించుకునే దారి వదిలిపెట్టే వెళ్ళింది.

"వీచే ఉంటుంది, ఆ గుట్ట మీద ఎప్పుడూ గాలే" అన్నాడు మా ఆయన.

నేను అతని చేతి మీద చెయ్యి వేసి ఆపాను. రికార్డరు ఎర్ర దీపం ఇంకా వెలుగుతోందా అని చూశాను.

"ఆ రోజు గాలి లేదు బాబూ" అన్నాను. "ఆకు కూడా కదల్లేదు."