ఏడు నుంచి తొమ్మిదిదాకా

మా మైక్రోవేవ్ తలుపు మీద మా ఆయన రాసిన చీటీ ఒకటి ఉంటుంది. "ఏడు నుంచి తొమ్మిదిదాకా వేయవద్దు." మూడేళ్లలో నూనె చేతులు తగిలి అది రెండుసార్లు మాసిపోయింది. రెండుసార్లూ కొత్తది రాసి అంటించింది నేనే, ఆయన అక్షరాల్లాగే వచ్చేట్టు. అది ఆయన రాసిందేనని ఆయన ఇప్పటికీ అనుకుంటారు.

ఆ రెండు గంటలూ ఆయన ఆన్‌లైన్‌లో ఆడతారు. ఎక్కడెక్కడివాళ్లో పదిమంది ఒక జట్టుగా కలిసి రాక్షసుల మీదికి వెళ్లే ఆట. మైక్రోవేవ్ తిరిగితే వైఫై తడబడుతుంది. తెర మీద ఆయన మనిషి ఉన్నచోటే బిగుసుకుపోతాడు, మళ్లీ కదలిక వచ్చేసరికి చచ్చి పడి ఉంటాడు. దాన్ని లాగ్ అంటారు. మా ఇంట్లో లాగ్‌కి కారణం నేను. వీధి వీధంతా నెట్ పోయిన రోజున కూడా ఆయన గదిలోంచి వచ్చి మొదట అడిగిన మాట, "నువ్వేం నొక్కావ్?" నేను అప్పుడు దుప్పట్లు మడతపెడుతున్నాను.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆరున్నర. ఇంటికి వచ్చేసరికి ఏడూ పది. ఆయనా అత్తయ్యా ఆరున్నరకే వేడి చేసుకుని తినేస్తారు. నా పళ్లెం మీద మూత ఉంటుంది. అందులో ఉండేది పొద్దున పదింటికి నేను వండి వెళ్లిందే. మొదట్లో స్టవ్ మీద వేడి చేసుకునేదాన్ని. పైనున్న పొగ ఫ్యాన్ చప్పుడు మైకులో వినిపిస్తోందని ఆయన అన్నారు. ఫ్యాన్ ఆపి వేడి చేస్తే ఇల్లంతా పోపు వాసనని అత్తయ్య అన్నారు. "రెండు మెతుకుల కోసం మళ్లీ గిన్నె అంటించడమెందుకమ్మాయ్, తోముకోవడం నీకే కదా కష్టం" అని నా మీద జాలి కూడా పడ్డారు. తొమ్మిదిదాకా ఆగితే తలనొప్పి వస్తుంది. అందుకని చల్లగానే తినడం అలవాటైంది. ఒకరోజు ఆయన నీళ్ల కోసం వచ్చి, నేను గడ్డకట్టిన కూర విడదీసుకోవడం చూసి, "ఆకలి రుచెరుగదన్నారు పెద్దలు" అని నవ్వుతూ వెళ్లారు. ఆయనకి వచ్చిన సామెతలు తక్కువ. అవి ఎక్కువగా నా విషయంలోనే గుర్తొస్తాయి.

కిందటేడు నెట్ బాగుచేయడానికి వచ్చిన టెక్నీషియన్ ఆ చీటీ చదివి నవ్వాడు. "ఇదేంటండీ, వైరు పెట్టుకుంటే సరిపోయేదానికి? వైరులో పోయే నెట్‌కీ మైక్రోవేవ్‌కీ గొడవే ఉండదు" అని ఇరవై మీటర్ల వైరు చుట్ట ఇచ్చి వెళ్లాడు. సాయంత్రం ఆయనకి చెప్పాను. "హాలంతా వైరు పాకితే ఏం బాగుంటుంది? ఎవరైనా వస్తే ఇల్లనుకుంటారా, షాపనుకుంటారా?" అన్నారు. మా ఇంటికి ఎవరూ రారు. వైరు చుట్టని పాత చెప్పుల డబ్బాలో పెట్టి, డబ్బాని బీరువా మీద పెట్టాను. అంటే ఏడాది నుంచి నేను చల్లన్నం తింటున్నది హాలు అందం కోసం. ఆ సంగతి తెలిసిన రోజు కోపం వచ్చింది. మర్నాడు షాపులో జనం ఎక్కువ, కోపం సంగతి మర్చిపోయాను.

ఈ ఆటలో మనిషికి బలం ఒంట్లో ఉండదు, వేసుకున్న సరంజామాలో ఉంటుంది. బూట్లు, చేతి తొడుగులు, టోపీ, డాలు, అన్నీ కలిపి పన్నెండు. దాన్ని గేర్ అంటారు. ఒక్కోదాన్నీ మెట్టు మెట్టుగా గట్టిపరచాలి. దానికి రోజూ కొండకెళ్లి ఖనిజం తవ్వాలి, అడవికెళ్లి ఆకులు కోయాలి, ఊళ్లోవాళ్ల చిల్లర పనులు చేసిపెట్టాలి. ఒకరోజు మానేస్తే వరుస తెగిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. గట్టిపరిచేటప్పుడు విఫలమైతే ఉన్న మెట్టు కూడా దిగిపోతుంది. ఆయనకి ఆ పని విసుగు. "నువ్వు పొద్దున ఖాళీయేగా, ఒక గంట చూడు" అన్నారు రెండేళ్ల కిందట. పొద్దున నేను వంట, బట్టలు, అత్తయ్య మాత్రలు, ఇల్లు తుడవడం మధ్యలో ఖాళీగా ఉంటాను.

ఆయన పెద్ద కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఆయన వాడి పడేసిన పాత లాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టుకుని, ఆయన అకౌంట్‌తో, ఆయన మనిషిలోకి దూరి ఆకులు కోసేదాన్ని. ఆయన మనిషి జట్టులో వైద్యుడు. దెబ్బలు తిన్నవాళ్లకి ప్రాణం పోయాలి. ఇంట్లో తలనొప్పి మాత్ర ఏ డబ్బాలో ఉంటుందో తెలియని మనిషి వైద్యుణ్ణి ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, "వైద్యులకి ఎప్పుడూ గిరాకీ, ఏ జట్టైనా చేర్చుకుంటుంది" అన్నారు. ఒకసారి ఎడమ తొడుగుకి పెట్టాల్సిన ఖనిజం పొరపాటున కుడి తొడుగుకి పెట్టేశాను. వారం రోజులు అదే మాట. "కుడేదో ఎడమేదో తెలియనిదానివి కళ్లజోళ్లెలా బిగిస్తావే?" అన్నారు. అదే వారం షాపులో ఒక పెద్దమనిషి, నేను చెప్పిన కొలత విని, "లోపల తెలిసినవాళ్లెవరైనా ఉంటే పిలువమ్మా" అన్నాడు. లోపల ఉన్నది మా ఓనరు. ఆయన వచ్చి నేను చెప్పిన కొలతే చెప్పాడు. పెద్దమనిషి తృప్తిగా తలూపాడు.

నాకు ఆ ఆట ఇష్టమైపోయింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆకులు కోసే పనితో మొదలై, పొద్దునపూట జట్టులో ఎవరైనా చిన్న పోరాటాలకి వెళ్తుంటే వెనకాల వెళ్లడం దాకా వచ్చింది. వాళ్ల మాటలు వినేదాన్ని. నా మైకు మాత్రం ఎప్పుడూ మూసే ఉండాలి. "నా అకౌంట్‌లో ఆడగొంతు వినిపిస్తే నా పరువేం కావాలి?" అని ముందే చెప్పి ఉంచారు. జట్టు నాయకురాలు ఒక టైలరు. అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. బ్లౌజులు, ప్యాంట్లు కుడుతూనే మధ్యలో ఆడుతుంది. ఆవిడ మాట్లాడుతుంటే వెనక కుట్టుమిషను టకటకమంటుంది, ఎవరో "కాజాలు అయ్యాయా?" అని అరుస్తారు. ఆ చప్పుడు గురించి జట్టులో ఎవరూ ఒక్క మాట అనగా వినలేదు. మా ఆయన మాత్రం ఇంట్లో, "ఆవిడకి నోరెక్కువ" అంటారు.

పన్నెండింటిలో పదకొండు పూర్తయ్యాయి. చివరిది కవచం. అది తవ్వితే దొరికేది కాదు. బురదకోటలో రాక్షసుణ్ణి పదిమందీ కలిసి చంపితే, వాడి ఒంటి మీద ఉన్నది ఎవరికో ఒకరికి పడుతుంది. ఎనిమిది నెలల నుంచి ప్రయత్నిస్తున్నారు. మధ్యలో మా ఆయన నెట్ ఆగడం, వైద్యుడు లేక జట్టు మొత్తం చావడం. ప్రతిసారీ ఆయన జట్టుకి ఇచ్చే సంజాయిషీ గోడవతలికి వినిపించేది. "మా ఇంట్లో ఆవిడ ఏదో వేసింది, సారీ."

ఒక శనివారం పదకొండింటికి మళ్లీ వెళ్లాలనుకున్నారు. శనివారం నాకు సెలవు. పదింటికి ఆయన్ని ఆఫీసు నుంచి పిలిచారు, సరుకు సరిచూసే పని. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నువ్వు లాగిన్ అయి వెనకాల నిలబడు చాలు. వైద్యుడు లేకపోతే వాళ్లు వేరేవాణ్ణి తీసుకుంటారు. నేను దారిలో ఉన్నానని టైప్ చెయ్. ఏదీ ముట్టుకోకు, మైకు తెరవకు. వచ్చేస్తా" అన్నారు.

ఆయన వెళ్లాక కుర్చీ ఎక్కి చెప్పుల డబ్బా దించాను. వైరు ఒక కొన రౌటరుకి, ఇంకో కొన లాప్‌టాప్‌కి పెట్టాను. హాలు మధ్యలోంచి నీలం రంగు గీతలా పడింది. బాగాలేదనిపించలేదు. బాగుందనీ అనిపించలేదు. వైరులాగే ఉంది.

పదకొండింటికి మొదలైంది. నిలబడి ఉండమన్నారు కానీ, ముందు నిలబడే లారీ అన్నకి ప్రాణం తగ్గిపోతుంటే చూస్తూ ఎలా ఉంటాం? ఆయన నిజంగానే లారీ నడుపుతాడట. ప్రాణం పోశాను. ఇంకొకరికి పోశాను. కళ్లజోడు మరలు బిగించే చేతులు నావి, వేళ్లు వాటంతటవే వెళ్లాయి. సరిగ్గా పోరు ముదిరినప్పుడు అత్తయ్య వచ్చి పాలగ్లాసు మైక్రోవేవ్‌లో పెట్టి నొక్కారు. నా మోచేతికి అడుగు దూరం. మైక్రోవేవ్ గుర్రుమంటూ తిరిగింది. తెర మీద ఒక్కరు కూడా బిగుసుకుపోలేదు. టెక్నీషియన్ చెప్పింది అక్షరాలా నిజం. రెండు నిమిషాలు అది తిరిగింది, నేను ఆడాను.

రాక్షసుడి ప్రాణం సన్నగా మిగిలినప్పుడు వాడు బురదంతా విషం చేస్తాడు. నీళ్లు పచ్చబడి, మూడు లెక్కపెట్టేసరికి మామూలవుతాయి. పొద్దునపూట చిన్న పోరాటాల్లో వందసార్లు చూశాను. లారీ అన్న అది చూసుకోకుండా ముందుకి దూకబోతున్నాడు. టైప్ చేసే టైము లేదు. మైకు తెరిచాను.

"ఆగండి! మూడు లెక్కపెట్టి వెళ్లండి."

రెండేళ్లలో ఆ ఆటలో నేను మాట్లాడిన మొదటి మాట అది. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. లారీ అన్న ఆగాడు. అందరూ ఆగారు. నీళ్లు మామూలయ్యాయి, వెళ్లారు, రాక్షసుడు పడ్డాడు. కవచం మా ఆయన మనిషికే వచ్చింది.

కుట్టుమిషను ఆగింది. తర్వాత టైలరమ్మ అంది, "పొద్దునపూట వచ్చేది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి" అన్నాను. దొరికిపోయినట్టే అనిపించింది.

"ఒక చొక్కాకి చెరో చెయ్యీ ఇద్దరు కుడితే నాకు తెలియదా? పొద్దునపూట మనిషి కోసిన ఆకుల్లో సగం జట్టు పెట్టెలో వేసి వెళ్తాడు. సాయంత్రం మనిషి పెట్టెలోంచి తీసుకుంటాడు. ఎప్పుడో పట్టుకున్నాను. అడిగితే రావడం మానేస్తావేమోనని ఊరుకున్నా."

"మా ప్రాణాలు కాపాడావు చెల్లెమ్మా" అన్నాడు లారీ అన్న.

"సొంతంగా ఒక మనిషిని పెట్టుకో" అంది టైలరమ్మ. "గురువారాలు ఏడింటికి నాది ఇంకో జట్టుంది. వైద్యురాలు కావాలి. గేర్ లేకపోతే ఏం, మేం పోగేస్తాం. కానీ రెండు గంటలు కదలకుండా ఉండాలి. ఉండగలవా?"

చూసి చెబుతానన్నాను. మైకు మూసి, వైరు చుట్టి డబ్బాలో పెట్టి, డబ్బా బీరువా ఎక్కించాను. అత్తయ్య పాలు తాగుతూ, "ఎవరితోనే అంత గట్టిగా మాట్లాడావ్?" అన్నారు. "పనిమీద అత్తయ్యా" అన్నాను. నాలుగింటికి ఆయన వచ్చి, కంప్యూటర్ తెరిచి, ఒక్క కేక పెట్టారు. "ఊరికే నిలబడితేనే పడిందే! అదీ అదృష్టమంటే!" అని అత్తయ్యని పిలిచి చూపించారు. అత్తయ్య ఆ కవచాన్ని చూసి, "నీ జాతకం మంచిదిరా" అన్నారు. నేను బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఓపిక అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆ పూట అది ఓపికలా అనిపించలేదు.

ఆదివారం పొద్దున ఆయన మనిషికి ఆకులు కోయలేదు. రెండేళ్ల వరుస తెగింది. ఆ గంటలో నా పేరుతో నాకొక అకౌంట్ పెట్టుకున్నాను. చిరుగుల అంగీ, కర్ర, గేర్ సున్నా. గురువారాలు షాపు నుంచి అరగంట ముందే బయల్దేరేలా ఓనర్ని ఒప్పించి, టైలరమ్మకి ఒక్క మాట రాశాను, వస్తానని.

సోమవారం ఏడూ పదికి షాపు నుంచి ఇంటికి వచ్చాను. చేతులు కడుక్కున్నాను. మూత తీస్తే అన్నం అంచుల్లో గట్టిపడి ఉంది. గదిలోంచి ఆయన గొంతు వినిపిస్తోంది, కొత్త కవచం సంగతి ఎవరికో వివరిస్తున్నారు. పళ్లెం మైక్రోవేవ్‌లో పెట్టాను. చీటీ మీద నా చేత్తో రాసిన ఆయన అక్షరాలు ఒకసారి చదివాను. రెండు నిమిషాలకి నొక్కాను.

అరనిమిషంలోనే కేక. "ఎవరు వేసింది?"

"నేనే" అన్నాను. ఇంకో నిమిషమున్నర ఉంది.

ఆగాక పళ్లెం బయటికి తీసి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆవిరి మొహానికి తగిలింది. మొదటి ముద్దకే నాలుక కాలింది, అయినా ఊదుకుంటూ ఇంకోటి తిన్నాను. ఆయన తలకి పెట్టుకునే హెడ్‌సెట్ మెడలో వేలాడేసుకుని గుమ్మంలోకి వచ్చారు. అత్తయ్య కూడా సోఫాలోంచి మెడ తిప్పి చూశారు.

"చచ్చిపోయాను తెలుసా? కవచం వేసుకుని మరీ చచ్చాను. అందరి ముందూ! చీటీ కనబడలేదా?"

"కనబడింది. బీరువా మీద డబ్బాలో వైరుంది, ఇరవై మీటర్లు. మీ గదిదాకా వస్తుంది."

"హాలంతా వైరేంటి? అయినా ఇంకో గంటా యాభై నిమిషాలు ఆగలేవా? అంత ఆకలేంటి నీకు?"

నేను నమిలి, మింగి, నీళ్లు తాగాను. కోపంగా లేను. షాపులో కొలత చెప్పినట్టు, ఆయన మొహంలోకి చూస్తూ చెప్పాను.

"గురువారం ఏడు నుంచి తొమ్మిదిదాకా నాకు ఆట ఉంది. ఆ వైరు నాకు కావాలి. హాల్లో వైరు వద్దంటారా, ఆ రెండు గంటలూ మైక్రోవేవ్ వేయకండి. మీరూ అత్తయ్యా ఆరున్నరకి తినకపోతే తొమ్మిది తర్వాత తినండి, లేదంటే చల్లగా తినండి. ఆకలి రుచెరుగదన్నారు పెద్దలు."