పానెల్లో చప్పుడు

ఆకివీడు దాటాక కొల్లేటి గట్టున ఉన్న ఐసు ఫ్యాక్టరీలో పాత హైటెన్షన్ పానెల్‌ను ఎవరూ తెరిచేవారు కాదు. అందులో రాజరత్నం ఉన్నాడని అందరి నమ్మకం. బతికినన్నాళ్ళూ ఆ పానెల్‌ను చూసుకున్న మనిషి, దాని ముందే కరెంటు కొట్టి పోయాడు. ఆ ఏటి వానలకే లోపల టిక్కు టిక్కుమని మొదలైంది.

రెండువేల ఆరులో, ముసురు పట్టిన ఒక రోజున, ఏలూరు నుంచి వరదానం వచ్చాడు. పాత పానెళ్ళు చూసి, ఇంకా పనికొస్తాయో లేదో చెప్పడం ఆయన పని. పానెల్ ముందు గ్లాసులో టీ, ముట్టించని బీడీ ఉన్నాయి.

“ఇవెవరికండీ?”

“రత్నానికండీ. నాకు టీ ఇవ్వడం మరిచిపోతారు గానీ, ఆయనకి మరవరు మా వాళ్ళు,” అన్నాడు యజమాని నాగభూషణం.

గది ఊడుస్తున్న హన్నమ్మ, రాజరత్నం భార్య, నడుం ఎత్తింది. “వానాకాలం ఎక్కువ మాట్లాడతాడండీ అన్నయ్యగారూ. ఎండాకాలం అలుగుతాడు.”

వరదానం ఇనుప తలుపుకు చెవి ఆనించాడు. టిక్కు. ఆగి, మళ్ళీ టిక్కు. లోపల ఎవరో గోటితో కొడుతున్నట్టే ఉంది. పిడుగు పడ్డ చోట వచ్చే వాసన ముక్కుకు తగిలింది. సంగతి తెలిసిపోయింది. తెలిసినా ఒళ్ళు జలదరించడం మానలేదు.

“చెమ్మకి లోపల తీగల్ని మోసే పింగాణీల మీద కరెంటు పాకుతోందమ్మా. కొసదాకా పాకిందంటే పేలుతుంది. ఈ గదిలో ఉన్నవాళ్ళు మిగలరు.”

“బాగు చేస్తేనండీ?”

“చప్పుడుండదు.”

ఆమె చీపురు గోడకి ఆనించింది. నాగభూషణం ఏదో అనబోతే వరదానం చెయ్యెత్తి ఆపాడు. చేయక తప్పని పనే. అయినా తెరవమనే మాట ఆమె నోటి నుంచే రావాలని ఆగాడు.

“పిల్లలున్నోళ్ళు పని చేస్తున్నారు కదండీ ఇక్కడ,” అంది చివరికి. “తెరవండి.”

కరెంటాఫీసు వాళ్ళ చేత లైను తీయించి, ఎర్తు తగిలించి, తలుపు లాగారు. అది మూలిగింది. పనివాళ్ళు వెనక్కి గెంతారు. పింగాణీల మీద చెట్టు వేళ్ళలా నల్లటి గీతలు. కరెంటు తెగ్గొట్టే బ్రేకరులో నూనె తారులా ఉంది.

“లోపలెవరూ లేరండీ,” అన్నాడొకడు. ఎందుకో ఆ మాట ఎవరికీ ధైర్యం ఇవ్వలేదు.

పింగాణీలు, నూనె మార్చి, చెమ్మ ఆరబెట్టి, మర్నాడు సాయంత్రానికి కరెంటు ఇచ్చారు. వాన కురుస్తూనే ఉంది. వరదానం మళ్ళీ చెవి ఆనించాడు. ఎప్పుడూ ఉండే సన్నటి హోరు తప్ప ఏమీ లేదు. సామాను తీసేసిన ఇంట్లో నిలబడ్డట్టుంది. అప్పుడు ఆయనకు నిజంగా భయమేసింది.

“ఉన్నాడాండీ?” హన్నమ్మ గుమ్మంలోంచి అడిగింది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

“లేడమ్మా.”

ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. “ఇన్నేళ్ళూ జ్ఞాపకార్థ కూటం పెట్టనివ్వలేదండీ నేను. ఉన్న మనిషికి కూటమేంటని పాస్టరుగారితో దెబ్బలాడాను.” పానెల్ వైపు చూసింది. “ఆదివారం పెట్టమంటాను. మీరు తప్పకుండా రావాలి. కొర్రమీను పులుసు చేయిస్తాను. ఆయనకి ఇష్టంగా ఉండేదండీ.”