రెండు నిమిషాలు ఆగండి సార్

భోజనాల బల్ల దగ్గర గుండె మాట ఎత్తితే కంచాలు లాగేస్తానని ఆ ఇంట్లో అత్తగారు ఎప్పుడో హెచ్చరించింది. ఎవరు వింటారు? మామగారు గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు, కొడుకు అదే డాక్టరు, కోడలు ఆ ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. ముగ్గురికీ ఒకటే ఆసుపత్రి, ఒకటే థియేటరు. ఇక వాన గురించి మాట్లాడుకోండర్రా అంటే ఎలా మాట్లాడుకుంటారు?

ఆ రోజు తగువు రొట్టెలాయన వాల్వు గురించి. వీధి చివర బేకరీ ఆయనది. గుండెపోటు వచ్చి తగ్గాక గుండె గోడ ఒకవైపు కుంగింది. దాంతో లోపలి వాల్వు రెక్కలు సరిగా మూసుకోక, ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి కారుతోంది. పిండి బస్తా ఎత్తడం మాట అటుంచి, చెప్పులు తొడుక్కోవడానికే ఆయాసపడుతున్నాడు. ఉన్న వాల్వుకే చుట్టూ పట్టీ కుట్టి బిగించాలా, దాన్ని తీసేసి కొత్తది పెట్టాలా అన్నది తేలాలి.

"గోడ కుంగుతుంటే తలుపు బిగించి ఏం లాభం నాన్నా? రేపు గోడ ఇంకాస్త కుంగితే మళ్లీ సందు పడుతుంది. ఇలాంటి కేసుల్లో రిపేరు ఎన్నిసార్లు తిరగబెట్టిందో మీకు తెలీదా?" అన్నాడు కొడుకు.

"నిలిచినవీ ఉన్నాయిరా. సొంత వాల్వుంటే గుండె బలం గుండెకుంటుంది. పెట్టుడు వాల్వుల్లో ఒక రకం కొన్నేళ్లకు అరుగుతుంది, ఇంకో రకం రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు మింగిస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుట్టడం రానివాడికి అన్ని వాల్వులూ పనికిరానివే."

కొడుక్కి ఒళ్లు మండింది. "మీరు రిపేరు పట్టుకుని వేలాడేది పేషెంటు కోసం కాదు, పేరు కోసం. మీ చెయ్యి ఇదివరకట్లా లేదని బయట అనుకుంటున్నారు, తెలుసా?"

పెద్దాయన కంచం ముందునుంచి లేచిపోయాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కోడలు తలొంచుకుని కూర్చుంది. వాదంలో ఎవరిది నిజమో ఆమెకు తెలియదుగానీ, మామగారి మొహం చూడలేకపోయింది. ఆమెకు పని నేర్పింది ఆయనే. "థియేటర్లో నేను మామగారిని కాదు, నువ్వు కోడలివి కాదు. చూసింది చూసినట్టు చెప్పు, చాలు" అని మొదటిరోజే అన్నాడు. అప్పట్నుంచి అక్కడ ఆయన ఆమెకు సార్, మొగుడూ సారే.

రెండు దారులూ విన్న రొట్టెలాయన, నాది నాకే ఉంచండి బాబూ అన్నాడు. మత్తిచ్చే ముందు ఆమె చెయ్యి పట్టుకుని, "పొయ్యి ఆరిపోకుండా చూడమ్మా" అని నవ్వాడు కూడా.

పెద్దాయన పట్టీ కుట్టాడు. కుట్టడానికి ఆపిన గుండె మళ్లీ కొట్టుకుంది. గొంతులోంచి దింపిన గొట్టంతో ఆ గుండెను తెర మీద చూసి, కుట్టు నిలిచిందో లేదో చెప్పడం ఆమె పని. తెర మీద సన్నటి ధార ఒకటి వెనక్కి కారుతోంది. చిన్నదే. కానీ అప్పటికి బీపీ తొంభై కూడా లేదు. కుళాయిలో నీళ్లు నెమ్మదిగా వస్తున్నప్పుడు ఓటి వాషరు కూడా బాగున్నట్టే ఉంటుంది. మందిచ్చి, మనిషి లేచి తిరిగేటప్పుడు ఎంతుంటుందో అంతకి బీపీ పెంచి, అప్పుడు చూడాలి. రెండు నిమిషాల పని, మందు సిరంజి ఆమె పక్కనే ఉంది. ధార పెరిగిందా, గుండెను మళ్లీ ఆపి కుట్టు విప్పాలి.

సరిగ్గా అప్పుడే తలుపు అద్దంలోంచి మొగుడు తొంగిచూశాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు పెద్దాయన.

కొడుకు చూస్తుండగా ఆయన చేత ఆ కుట్టు విప్పించడానికి ఆమెకు నోరు రాలేదు. "బాగుంది సార్" అంది.

కొన్నాళ్లు బాగానే ఉంది. రొట్టెలాయన వేడివేడి రొట్టెలు పంపించాడు. అందరూ తిన్నారు, ఆమెకు మింగుడుపడలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన మళ్లీ ఆయాసంతో వచ్చాడు.

"నేను లేవగానే మీరే కదమ్మా బాగుందన్నది! మరి ఇదేమిటి?" అన్నాడు. నిష్ఠూరమేమీ కాదు, ఊరికే అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగని సంజాయిషీలన్నీ చెప్పింది. తెర మీద రక్తం వరదలా వెనక్కి పోతోంది.

ఇలాంటి రిపేర్లు ఎలాగూ నిలవవని మొగుడు మొత్తుకుంటూనే ఉన్నాడు కదా, తను బీపీ పెంచి చూసినా ఇంతే అయ్యేదేమో! ఇన్నాళ్లూ చెవిలో పోరుగా ఉన్న ఆ వాదం ఇప్పుడు దాక్కోవడానికి పనికొచ్చింది. కానీ దాక్కున్న చోట ఊపిరాడలేదు. అయ్యేదో కాదో తెలుసుకునే రెండు నిమిషాల్ని మింగింది తనేనని ఆమెకు తెలుసు.

పెద్దాయన ఆ బొమ్మ చూసి ఒక్కటే మాటన్నాడు. "నా చెయ్యే."

ఆ తర్వాత ఆయన కత్తి పట్టలేదు. కొడుకు బతిమాలాడు, ఆ రోజు నోరుజారానని ఒప్పుకున్నాడు కూడా. ఆయన వినలేదు. వసారాలో కుర్చీ వేసుకుని, చెయ్యి వణుకుతోందో లేదో చూసుకోవడానికి బొత్తాలు కుట్టడం మొదలుపెట్టాడు. "ఊడని బొత్తాలు కూడా విప్పి కుడుతున్నాడే మీ మామగారు! ఇక కాజాలు చిరగాలిగానీ బొత్తాలు రావు" అని అత్తగారు నవ్వబోయి కళ్లొత్తుకుంది. కోడలు తేలుకుట్టిన దొంగలా పక్కనుంచి వెళ్లిపోయేది. చెబితే ఆయనకు తన మీద నమ్మకం పోతుంది, చెప్పకపోతే ఆయనకు ఆయన మీదే పోతోంది. అది తెలిసీ రోజూ తన సంగతే చూసుకుంది. సిగ్గుగా ఉండేది. సిగ్గుపడటం తప్ప ఏమీ చేసేది కాదు.

రెండో ఆపరేషను కొడుకు చేశాడు. పాత వాల్వు తీసి కొత్తది పెట్టాడు. పెద్దాయన చేతులు కట్టుకుని వచ్చి, కోడలి వెనక తెర కనిపించేచోట నిలబడ్డాడు. తన ఓటమిని తనే చూడాలని వచ్చినట్టుంది.

గుండె కొట్టుకుంది. తెర శుభ్రంగా ఉంది. బీపీ మళ్లీ తొంభై లోపే.

"ఎలా ఉంది?" అన్నాడు మొగుడు.

సిరంజి పక్కనే ఉంది. ఇప్పుడు ఆగమంటే, ఆ రోజు ఆగమనలేదని వెనకున్న మనిషికి గుర్తొచ్చి అంతా తెలిసిపోతుంది. బాగుంది అనేస్తే ఎవరికీ తెలియదు. బల్ల మీద రొట్టెలాయన నోట్లో గొట్టంతో, కళ్ల మీద ప్లాస్టరుతో పడుకుని ఉన్నాడు.

"రెండు నిమిషాలు ఆగండి సార్. బీపీ పెంచి చూస్తాను" అంది.

పెంచింది. వాల్వు అంచున, కుట్టు పక్కనుంచి, ఇందాక లేని సన్నటి ధార కనిపించింది. మొగుడు విసుక్కోలేదు. గుండెను మళ్లీ ఆపి, అక్కడ ఇంకో కుట్టు వేశాడు. మళ్లీ పెంచి చూస్తే ధార లేదు. అంతే పని.

వెనకనుంచి పెద్దాయన గొంతు మెల్లగా వినిపించింది. "ఆ రోజు ఎంత బీపీలో చూశావమ్మా?"

"తొంభై లోపే మామయ్యా."

థియేటర్లో ఆ పిలుపు ఆమె నోట అంతకుముందెప్పుడూ రాలేదు. ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. కుడిచేతిని లైటు కింద పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసుకున్నాడు.

"ఇన్నాళ్లూ దీన్ని తిట్టుకున్నాను" అన్నాడు.

ఆమె మాస్కు తడిసిపోయింది. "నన్ను క్షమించండి మామయ్యా."

"నన్ను కాదు," అని రొట్టెలాయన వైపు చూపించాడు. "ఆయన లేస్తాడుగా. ఆయన్నడుగు."