తిరగేసి కట్టిన చీపురు

అమలాపురంలో మహిళా వ్యాపారవేత్తలకి శిక్షణ అని పిలిస్తే వెళ్ళాను. ఏసీ హాలు, మెడలో పేరు రాసిన కార్డు, మధ్యాహ్నం బిర్యానీ. కోటు తొడుక్కున్న కుర్రాడొకడు మైకు పట్టుకుని నాయకత్వం గురించి చెప్పాడు. వాడి వయసు చూస్తే క్రికెట్టు టీముకి తప్ప దేనికీ నాయకత్వం వహించినట్టు లేదు. అయినా ఏసీ చల్లగా ఉంది కదా అని అందరం బుద్ధిగా విన్నాం. చివర్లో వాడు ఒక ప్రశ్న వేశాడు.

"మీ దగ్గర పనిచేసేవాళ్ళు మీ మాట కాదని చివరిసారి ఎప్పుడన్నారు? ఒకసారి గుర్తు చేసుకోండి."

నా పక్కన కూర్చున్న పూతరేకుల వ్యాపారం ఆవిడ నవ్వేసి, "మావాళ్ళు నోరెత్తరండీ, అంత క్రమశిక్షణ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తిరుగు ప్రయాణంలో రాజోలు బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎంత ఆలోచించినా నాకు ఒక్క మనిషీ గుర్తు రాలేదు. క్రమశిక్షణ అనుకుని సంతోషిద్దామంటే మనసొప్పలేదు.

నా పేరు సరోజిని. కాలవగట్టు పక్కన రేకుల షెడ్డు వేసి, కొబ్బరి ఈనెల చీపుళ్ళు కట్టించి లారీలకెక్కిస్తాను. మా ఊరి ఆడవాళ్ళు ఒక పాతిక మంది దాకా పని చేస్తారు. కత్తితో ఆకు చీరి ఈనె తీయడం, ఆరబెట్టడం, కట్ట కట్టడం. చేతులకి పని గానీ నోటికి పని లేని వృత్తి కాబట్టి, కబుర్లకి ఇంతకు మించిన చోటు కోనసీమలో లేదు. ఎవరింట్లో ఏ కూరో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అన్నీ అక్కడే తేలాలి. ఆ కబుర్లు నాదాకా రావడం మానేసి చాలా కాలమైంది. నేను షెడ్డులో అడుగు పెడితే కత్తుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

మా వైపు మర్యాద సంగతి అందరికీ తెలిసిందే. ఏం చెప్పినా "ఆయ్" అంటారు. ఎండ కాస్తోందంటే ఆయ్, ముసురు పట్టిందంటే ఆయ్. అనిపించుకునే వాళ్ళకి మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత తర్వాత గోడతో మాట్లాడుతున్నామా అని అనుమానం వస్తుంది. ఇంట్లోనైనా ఎదురుమాట వినపడుతుందా అంటే అదీ లేదు. మా ఆయన సాలమోను గారు ఖతార్‌లో డ్రైవరు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తారు. ఇదివరకు గ్యాస్ బండ దగ్గర కూడా నాతో పోట్లాడిన మనిషి, నా సంపాదన ఆయన జీతం దాటినప్పటి నుంచి "నీకు తెలీందేముంది, నీ ఇష్టం" అని పెట్టేస్తున్నారు. పోట్లాట మానేసిన మొగుడు ఎంత దూరంలో ఉన్నట్టో ఖతార్‌ని చూసి కొలవలేం.

నిజం చెప్పాలంటే నాకు పాతిక మందీ ఎదురు చెప్పక్కర్లేదు. ఒక్క మనిషి చెబితే చాలు. సుందరమ్మ.

సుందరమ్మా నేనూ కలిసే ఈ పని మొదలుపెట్టాం. అప్పుడు షెడ్డూ లేదు, లారీ లేదు. వాళ్ళింటి అరుగు మీద ఈనెలు తీసి, కట్టలు కట్టి, బస్సులో వేసుకుని అమలాపురం వీధులన్నీ తిరిగి అమ్మేవాళ్ళం. లగేజీ టిక్కెట్టు కొట్టమన్న కండక్టర్లతో సుందరమ్మ పోట్లాడుతుంటే బస్సంతా చెవులు మూసుకునేది. నన్ను తిట్టని పూట ఉండేది కాదు. "ఒసే సరోజినీ, ఇదేం కట్టే, రెండుసార్లు ఊడిస్తే విప్పుకుపోద్ది! నీ మొహం, ఇలా తే" అని నా చేతిలోది లాక్కుని మళ్ళీ కట్టేది. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ కట్టిన కట్ట మాత్రం విడేది కాదు.

బ్యాంకు లోను వచ్చినప్పుడు ఇద్దరి పేరా రాయించుకుందామన్నాను. నేను లాక్కున్నానని ఊళ్ళో ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ కర్మ. సుందరమ్మే వద్దంది. "అప్పంటే నాకు భయవే, నిద్ర పట్టదు. నీ పేర రాయించుకో, నేను నీ పక్కనే ఉంటాను కదా" అంది. సరేనన్నాను. ఆ తర్వాత మొదటి లారీ వచ్చిన రోజు, డ్రైవరు దిగి "ఓనరెవరండీ?" అని అడిగాడు. సుందరమ్మ చెయ్యి చాపి నన్ను చూపించి, "ఆవిడండి" అంది.

ఆ పూట నుంచి నేను ఆవిడగానే ఉండిపోయాను. "అదేంటే, నన్ను అండీ అంటావేంటి" అని రెండు మూడుసార్లు తగువు పెట్టుకున్నాను. "నలుగురిలో బాగోదు కదండీ" అంది. నలుగురూ లేనప్పుడు కూడా మళ్ళీ పాత పిలుపు రాలేదు. చర్చిలో ఇదివరకు ఇద్దరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు నేను గుమ్మంలో చెప్పులు విడిచేలోగా ఎవరో ఒకరు ముందు వరసలో నాకు కుర్చీ వేసేస్తారు. నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, అయినా ఆ కుర్చీలోనే కూర్చుని వెనక చాప మీద గుసగుసలు వింటూ ప్రార్థన చేసుకుంటున్నాను.

శిక్షణ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. కోటు కుర్రాడి మాట నన్ను రాత్రంతా కుదురుగా ఉండనివ్వలేదు. సుందరమ్మ నోరు తెరిపించాలంటే తెరవక తప్పని మాట ఒకటి అనాలి. కొబ్బరి ఈనెకి మొదలు లావుగా ఉంటుంది, కొన సన్నగా ఉంటుంది. మొదళ్ళు కలిపి కట్టి కొనలతో ఊడుస్తాం. చీపురు పట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతే.

"ఇవాళ్టి నుంచి కొనలవైపు కట్టండి. మొదళ్ళు కింద పెట్టండి" అన్నాను.

కత్తులు ఆగాయి. అందరూ నా వైపు చూశారు. నేను సుందరమ్మ వైపు చూశాను. ఆవిడ ఒడిలో ఉన్న ఈనెల వైపు చూసుకుంది.

"ఆయ్" అన్నారు అందరూ. అందులో సుందరమ్మ గొంతు కూడా ఉంది.

గదిలోకి వచ్చి కూర్చున్నాను. షెడ్డుకి కెమెరా పెట్టించాం, నా బల్ల మీద టీవీలో అన్నీ కనిపిస్తాయి. మాటలు వినపడవు. అందరూ బుద్ధిగా కొనలు కలిపి కడుతున్నారు. మొదళ్ళు కిందికి చేరిన ఆ చీపుళ్ళు ముళ్ళపంది తోకల్లా ఉన్నాయి. వాటితో చెత్త పోదు సరికదా, పేడతో అలికిన నేలైతే గీతలు పడతాయి. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టు ఉంది మా వ్యవహారం.

లెక్కలు చూసే జాయ్ వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, తెలివైనది. తిరగేసి కట్టిన చీపురొకటి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"మేడంగారండీ, కొత్త మోడల్ అండీ ఇది? ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టమంటారా?"

"ఎలా ఉంది?" అన్నాను.

"వెరైటీగా ఉందండీ."

దానితో గదిలో ఓ మూల ఊడ్చి చూడమన్నాను. ఊడ్చింది. దుమ్ము ఎక్కడిది అక్కడే ఉంది. "కొత్త కదండీ, అలవాటవ్వాలి" అని నవ్వి వెళ్ళిపోయింది. ఈ పిల్ల రేపు పెద్ద కంపెనీలో చేరితే బాగా పైకొస్తుంది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు టీవీలో ఒక సంగతి చూశాను. సుందరమ్మ లేచి నిలబడింది. తిరగేసిన చీపురు తీసుకుని, నడుం మీద చెయ్యి వేసి, గొప్పగా తల ఎగరేసి ఊడుస్తున్నట్టు నటించింది. ఆ తల ఎగరెయ్యడం నాదే. నేనలాగే ఎగరేస్తానని చూడగానే తెలిసిపోయింది. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. ఈనెలు ఆరబెట్టే రేవతి అయితే అన్నం గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది.

వేరే ఓనరెవరైనా అయితే కోపం వచ్చేది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, నవ్విందంటే తప్పని తెలిసినట్టే కదా, ఇక వచ్చి అడుగుతుంది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఏదో కాగితం చదువుతున్నట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఏమని తిడుతుందో ముందే ఊహించుకున్నాను కూడా. నేను ఏమని తిరిగి తిట్టాలో అదీ అనుకున్నాను. కాసేపటికి టీవీలో ఆవిడ లేచి నా గది వైపు రావడం కనిపించింది. పెళ్ళిచూపుల్లో కూడా నాకు గుండె అంత కొట్టుకోలేదు.

తలుపు దగ్గర ఆగి, చెప్పులు విడిచింది.

"అమ్మగారండీ, కట్టడానికి తాడైపోయిందండి. కొత్త ఉండ ఇస్తారా అండీ?"

అలమార తెరిచి తాడు ఉండ తీసి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని వెళ్ళింది.

అప్పుడైనా ఆపాల్సింది. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం నేను. సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను. సాయంత్రానికి గోడ పక్కన ముళ్ళపంది తోకలు గుట్టగా పేరుకున్నాయి. అన్నింటిలోకీ సుందరమ్మ కట్టినవి వేరే తెలుస్తున్నాయి. బిగువుగా, తీరుగా, చేతికి వంపు కుదిరేలా కట్టింది. ఎందుకూ పనికిరాని దాన్ని అంత శ్రద్ధగా కట్టిందని చూశాక నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అందరూ వెళ్ళాక ఆవిడని ఉండమన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇది తప్పని నీకు తెలీదా?" అన్నాను.

"తెలుసండి."

"మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పేరు కదండీ."

"నేను నూతిలో దూకమంటే దూకుతావా?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "చీపురు మీది కదండీ. మీది మీరెలా కట్టించుకుంటే మాకేంటండి? మా కూలి మాకిత్తారు."

మనది అన్న మాట ఆవిడ నోట్లోంచి ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు. అరుగు మీద కూర్చుని నా చేతిలో చీపురు లాక్కున్నప్పుడు ఆవిడ నా తప్పు దిద్దలేదు, తన సరుకు పాడవకుండా చూసుకుంది. మనిషి తనదనుకున్న దాని కోసమే పోట్లాడుతుంది. కోటు కుర్రాడు ఈ ముక్క చెప్పలేదు.

"అయినా తప్పు జరుగుతోంటే చెప్పొచ్చు కదే" అన్నాను.

"రేవతి చెప్పింది కదండి ఓపాలి. మబ్బుగా ఉంది, ఈనెలు బయట ఆరెయ్యొద్దండీ అని. మీరు దాన్ని చాన్నాళ్ళు పలకరించలేదండి. అది ఇంటికెళ్ళి ఏడ్చింది, పనిలోంచి తీసేత్తారేమోనని."

నాకు అలాంటిదేమీ గుర్తు లేదు. వాన వచ్చిందో లేదో గుర్తు లేదు, రేవతి చెప్పిందని గుర్తు లేదు. ఏదో తొందరలో ఉండి ఉంటాను, లారీ రాలేదనో, ఖతార్ నుంచి ఫోన్ రాలేదనో. నేను తలెత్తి చూడని రోజుల్లో ఒకావిడ ఇంట్లో కూర్చుని ఏడ్చిందంటే నమ్మలేకపోయాను. ఇక్కడ నా చూపుకి అంత బరువుందని నాకు తెలీదు. తెలిస్తే రోజుకో నవ్వు నవ్వి తిరిగేదాన్ని.

"నా దగ్గరకొచ్చి తిట్టడానికి నీకేమైంది?" అన్నాను. "నువ్వు తిట్టక నాకు పిచ్చెక్కుతోందే సుందరమ్మా. నాతో మాట్లాడే మనిషి లేదు."

ఆవిడ కంగారు పడింది. నా కళ్ళు చూసి ఒకడుగు ముందుకేసి, మళ్ళీ ఆగింది. ఇదివరకైతే కొంగు పెట్టి తుడిచి, రెండు వేసేది.

"మీరు తిట్టమంటే తిడతానండి" అంది.

అప్పుడు నాకు తట్టింది. ఎంత తేలికైన సంగతి! ఈ షెడ్డు ఆవిడది కాకుండా పోయింది గనుక కదా ఈ అండీలు. ఆవిడదే చేసేస్తే సరి.

"ఇదిగో విను. ఈ షెడ్డులో సగం నీ పేర రాసేస్తాను. అప్పు భయం నీకొద్దు, అది నేను కట్టుకుంటాను. రేపటి నుంచి నువ్వూ ఓనరువే. లారీవాడొచ్చి అడిగితే ఇద్దరం చెయ్యెత్తుదాం. ఏమంటావ్?"

చెప్పి ఆవిడ మొహం వంక చూశాను. నాకు తెలిసిన సుందరమ్మ అయితే ఇక్కడ ఊరుకోదు. సగమేంటే, సరుకెవరు చూస్తారు, లారీ కిరాయెవరు పెట్టుకుంటారు, నీ మొహానికి లెక్కలొచ్చా అని లేస్తుంది. వేలితో నా నుదురు పొడుస్తుంది. నేను దానికి సిద్ధంగా, కుర్చీ అంచున కూర్చుని, ముందుకి వంగి ఉన్నాను.

సుందరమ్మ చేతులకున్న ఈనెల దుమ్ము చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. బల్ల దగ్గరకి వచ్చి, కాగితమేదీ లేని నా చేతుల వైపు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎక్కడ సంతకం పెట్టమంటారండీ?"