రాయప్ప గారి మడమలు

సిమెంటుకి వాసన లేదు, దాని మీద నాకు మొదటి అనుమానం అదే, సున్నానికైతే ఎన్ని వాసనలు, బట్టీలో కొల్లేటి గుల్ల కాలేటప్పుడు ఒకటి, నీళ్ళు పోసి చల్లార్చేటప్పుడు కుతకుతలాడుతూ పైకి లేచేది ఒకటి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ తాగి మూడు నెలలు కుండలో ఊరాక వచ్చేది ఇంకొకటి, కళ్ళు మూసుకుని వాసన చూసి ఎన్నాళ్ళ సున్నమో చెప్పగలను, ఈ బూడిదరంగు పిండి నాకేం చెబుతుంది, నీళ్ళలో కలిపితే బురద, అంతే, దాన్ని బొచ్చెనిండా కలిపించి, పైన తాపీ పెట్టి నా చేతికిచ్చి వెళ్ళారు ఉపదేశి ప్రభుదాసు గారు, హన్నమ్మా, పూజ అయిపోయి మూడో గంట కొట్టగానే స్వాములవారు జనాన్ని తీసుకుని తోటని ఆశీర్వదించడానికి వచ్చేస్తారమ్మా, ఆలోపల రాయప్ప గారి బొమ్మ కాళ్ళ మీద పగుళ్ళన్నీ పూడ్చి సాపు చేసెయ్యి, తొందరగా కానియ్యమ్మా, ఈ సిమెంటు కాసేపట్లో బిగుసుకుపోతుందట, ఎవరి కోసమూ ఆగదట, అని మెత్తగానే అన్నారు, ఆయన ఎప్పుడూ మెత్తగానే అంటారు, వెళ్ళబోతూ ఆగి, సున్నం సరిగ్గా చల్లారినట్టు లేదు, ఎండలకి పగిలింది, పాపం ఎజ్రా మేస్త్రి ఉండుంటే చూసుకునేవాడు, పెంటపాడు గుడి పనికి నీ గుల్లసున్నం బదులు రాతిసున్నం తెప్పిద్దామనుకుంటున్నాం, ఏమనుకోకు అన్నారు, ఏమనుకోకూడదట, నేనేమనుకోవాలో కూడా ఆయనే చెప్పాలి కాబోలు.

నా సున్నం పగిలిందట, మా అమ్మ దానమ్మ ఈ మాట వినుంటే నెత్తిమీది గంప దించి నడుం మీద చెయ్యి పెట్టుకునేది, కొల్లేటికోట నుంచి దోనె మీద గుల్లలు తెచ్చి, కడిగి, ఊకా బొగ్గూ వేసి కాల్చి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి, వెన్నపూసలా రుబ్బి, ఇరవై ఏళ్ళు ఏలూరులో ఏ మేడకి నున్నటి గోడ కావాలన్నా దానమ్మ సున్నమే, ఆ చెయ్యే నాకొచ్చింది, ఈ తోటలో నాలుగు చోట్ల బొమ్మలున్నాయి, గొర్రెపిల్లని భుజాన వేసుకున్న కాపరి, బావి దగ్గర సమరయ స్త్రీ, బండ మీద మోకరించిన ప్రభువు, ఇక్కడ చివర్న పొన్నచెట్టు కింద తన శిష్యుడు రాయప్ప గారి కాళ్ళు కడుగుతున్న ప్రభువు, బైబిల్లో పేతురని ఉంటుంది గాని మా పెద్దల నోట ఆయన రాయప్పే, ఇవాళ ఆయన పండగే, అన్ని బొమ్మలకీ ఒకే కుండలో సున్నం, గొర్రెపిల్ల చెవి తమలపాకంత పల్చన, అది పగిలిందా, సమరయ ఆవిడ చేతిలో చేదతాడుకి పురి కూడా కనపడుతుంది, అది పగిలిందా, మరి ఎక్కడా లేని పగులు రాయప్ప గారి మడమల మీదే ఎందుకొస్తుంది, చదువుకున్న మనిషికి ఆ మాత్రం తట్టొద్దూ, సున్నం దానంతటది పగిలితే సాలెగూడులాగా అడ్డదిడ్డంగా పోతుంది, ఇవి చూడు, మడమ అంచున నిలువుగా, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కుడి మడమకి ఏడు, ఎడమ మడమకి అయిదు, పైపూత ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు తాటాకు ఈనెతో ఒక్కొక్కటీ నేనే గీశాను, నా కాళ్ళకీ సరిగ్గా అన్నే ఉన్నాయి.

ఎజ్రా మేస్త్రి గీయలేదు, ఆయన అంతదాకా రానేలేదు, గాలిగోపురాల మీద బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పని నేర్చుకున్న మనిషి, రెండేళ్ళు ఈ తోటలో పని చేశాడు, ఆ రెండేళ్ళూ నేను పక్కన కూర్చుని సున్నం రుబ్బి అందించాను, ఆయన వేలు ఎక్కడ నొక్కుతుందో, ఎక్కడ ఊరికే తడిమి వదిలేస్తుందో చూశాను, చూడ్డానికి ఎవరి సెలవూ అక్కర్లేదు కదా, మట్టల ఆదివారం ముందు ఆయనకి చలిజ్వరం పట్టుకుంది, అప్పటికి రాయప్ప గారు మోకాళ్ళ దాకా అయ్యారు, కింద ఇటుక ముక్కలూ ఇనప చువ్వలూ, ప్రభువు పళ్ళెం ముందు వంగి చెయ్యి చాచి ఉన్నాడు, ఆ చేతిలో కాలు లేదు, గోనెపట్టా తడుపుతూ ఉండు హన్నమ్మా, ఎండకి ఆరనివ్వకు, నే లేచొచ్చి కాళ్ళు పెడతాను అన్నాడు, పూటపూటకీ తడిపాను, ఆయన లేవలేదు, ఊరంతా మోసుకెళ్ళి పూడ్చి వచ్చాక కూడా నేను గోనె తడుపుతూనే ఉన్నాను, ఇంకేం చెయ్యాలో తోచక, ఒకరోజు గుడి కమిటీ వాళ్ళొచ్చి, గోనె ఎత్తి చూడకుండానే, మేస్త్రి పోయేముందు ఇది పూర్తి చేశాడా హన్నమ్మా అన్నారు, ఆయ్ అన్నాను, ఆ ఆయ్ ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలీదు, అన్నాక చెయ్యక తప్పుతుందా, మే నెల ఎండలో పట్టపగలు గోనె పరదా కట్టుకుని చేశాను, ప్రభువు చేతిలో ఆ ఖాళీ చూడలేకపోయాను, అదీ నిజం, కాళ్ళంటే ఎలా ఉంటాయి, ఎవరివి చూడను, ఎవరిని అడగను, ముక్కాలిపీట మీద నా కాలే పెట్టుకుని చూస్తూ చేశాను, గానుగ రాయి పడి విరిగిన రెండోవేలు వంకరతో సహా వచ్చేసింది, అప్పుడు మార్చొచ్చు, తడిగానే ఉంది, ఒక్క నొక్కు నొక్కితే సరిపోయేది, మార్చబుద్ధి కాలేదు, నవ్వొచ్చింది, చాలా రోజుల తరవాత వచ్చిన నవ్వు.

రెండో గంట, అప్పుడే, బొచ్చెలో తాపీ తిప్పితే చేతికి బరువు తెలుస్తోంది, గుళ్ళో పాట వినపడుతోంది, ముందు వరసలో కుర్చీలు వేశారు, ఈ స్థలమిచ్చిన వెంకట్రాజు గారికీ ఆయన భార్య అచ్చాయమ్మ గారికీ, పెంటపాడు నుంచి గూడుబండిలో వచ్చారు, అచ్చాయమ్మ గారు ఈ కాళ్ళు చూస్తారు, చూస్తే గుర్తుపట్టకుండా ఉంటారా, ఎన్ని ఏళ్ళు వాళ్ళ మడుల్లో నాట్లేశాను, సాయంత్రం వాకిట్లో నిలబడితే ఆవిడ చూపు ముందు కాళ్ళ మీదే పడేది, కాళ్ళు కడుక్కుని రావే, కడుక్కునే వచ్చానండీ, కడుక్కుంటే ఇలా ఉంటాయా, మళ్ళీ వెళ్ళి కడుగు, వెళ్ళి పీచుతో తోమేదాన్ని, నెత్తురొచ్చేదాకా తోమేదాన్ని, పగుళ్ళలోకి దిగిన నలుపు అది, తోమితే పోతుందా, ఆ మడిలో బురద వాళ్ళింట్లోకి ధాన్యమై దర్జాగా పోతుంది, నా మడమలో ఉన్న బురదకి మాత్రం గుమ్మం దాటే రాత లేదు, ఆవిడే ఇప్పుడొచ్చి అపోస్తలుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఏవండీ, ఇవి మన హన్నమ్మ కాళ్ళలా లేవూ అంటే, నలుగురూ నవ్వితే, అమ్మో, పూడ్చెయ్యి హన్నమ్మా, పూడ్చేసి పక్కకి తప్పుకో, తాపీ అంచుకి కాస్త తీసుకుని మొదటి పగులు దగ్గర పెట్టాను, అంటించానో లేదో నా మడమ జివ్వుమంది, నిజంగా జివ్వుమంది, కొంగుతో తుడిచేశాను, సున్నం మీద సిమెంటు ఏమిటి నా తలకాయ, రెండు వానలకి పెచ్చులూడిపోతుంది, సున్నం ఊపిరి పీలుస్తుంది, ఇది దాని నోరు మూసేస్తుంది, అంతా పని తెలిసిన మాటే, పని తెలిసిన మాట వెనక దాక్కోవడం కూడా నాకు బాగానే తెలుసు.

పోనీ ఆగితే, ఇలాగే కూచుంటే, ఎవరి కోసమూ ఆగదన్నారుగా, అదే బిగుసుకుపోతుంది, అయ్యో, నాకీ సిమెంటు సంగతి తెలీదండీ, రాయైపోయిందండీ అంటే ఆయనేం చేస్తారు, మొహం చిట్లించుకుని ఊరుకుంటారు, కాళ్ళు కాళ్ళలాగే ఉంటాయి, నా మీద తెలివితక్కువదన్న మాటొకటి పడుతుంది, పడితే పడింది, అది కొత్తదా, సున్నం చెడ్డదన్న మాట కూడా పడే ఉంటుంది, అమ్మ పేరు కూడా పోతుంది, పెంటపాడు పని కూడా పోతుంది, కాళ్ళు మిగులుతాయి, బేరం బాగానే ఉంది అనుకుంటూ తాపీ గుచ్చి చూశాను, దిగలేదు, అప్పుడే కిర్రు కిర్రుమంటూ బూట్ల చప్పుడు, ప్రభుదాసు గారు, చేతిలో బంతిపూల దండ, ఏమ్మా, ఇంకా మొదలే పెట్టలేదా, బొచ్చె వంక చూశారు, బిగుసుకుపోయిందేంటమ్మా, అబద్ధం నాలుక చివర తయారుగా ఉంది, నోరు తెరిచాను కూడా, ఈలోగా ఆయనే, ఎంత పని చేశావమ్మా, అపోస్తలుడి పాదాలు కూలోళ్ళ కాళ్ళలా ఉంటే పెద్దమనుషుల ముందు మనకెంత చిన్నతనం, అంతా ఆ పాడు సున్నం వల్ల అన్నారు, ఆ మాటతో తయారుగా ఉన్న అబద్ధం ఎటు పోయిందో పోయింది, నా సున్నం పగల్లేదండీ అన్నాను, నేనే గీశానండీ, ఈనె పెట్టి, కాళ్ళు రెండూ నేనే చేశానండీ, మేస్త్రి గారు మోకాళ్ళ దాకానే చేశారండీ, ఇదిగో చూడండి అని కుడికాలు తీసి రాయప్ప గారి కాలి పక్కన దిమ్మె మీద పెట్టాను, వంకర వేలు పక్కన వంకర వేలు, ఏడు పగుళ్ళ పక్కన ఏడు పగుళ్ళు, ఆయన దండ పట్టుకుని ఒకసారి నా కాలూ ఒకసారి ఆ కాలూ చూసి, నువ్వా అన్నారు, నేనేనండీ, ఆడకూతురివి, కూలిదానివి, అపోస్తలుడి కాళ్ళకి నీ కాళ్ళు పెట్టావా, ఆయన మాత్రం కూలోడు కాదేంటండీ, వలలు లాగినాయన, నీళ్ళలో నానినాయన, ఆయన కాళ్ళు పగలకుండా ఉంటాయా అన్నాను, అంతటితో ఆగొచ్చు, ఆగలేదు, మీ అమ్మగారూ నేనూ ఒకే మడిలో నాట్లేశామండీ ప్రభుదాసు గారూ, మీరు బెజవాడలో చదువుకునే రోజుల్లో, ఆవిడ మడమలు నాకన్నా ఎక్కువ పగిలుండేవి, సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆవిడ పగుళ్ళలో నేను మైనం కరిగించి పోసేదాన్ని, అబ్బాయి చదువైపోతే ఇంక మడిలో దిగనే హన్నమ్మా అనేది, మంటకి పళ్ళు బిగబట్టి మరీ నవ్వేది, అవి కూడా సిమెంటుతో సాపు చేయించేవారాండీ.

ఆయన తన బూట్ల వంక చూసుకున్నారు, చాలాసేపు చూసుకున్నారు, ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అన్నారు, గొంతు మెత్తగానే ఉంది గాని ఇది వేరే మెత్తన, లేదండీ, చెప్పకు, చెబుతానండీ అన్నాను, అడిగితే చెబుతానండీ, సున్నమూ నాదే, కాళ్ళూ నావే, పెంటపాడు పని మీరు ఎవరికిచ్చుకున్నా సరే, సున్నం పగిలిందన్న మాట మాత్రం మీరు వెనక్కి తీసుకోవాలండీ, ఎప్పుడైనా ఎవరితోనైనా ఇలా మాట్లాడానా నేను, దిమ్మె మీద కాలు మాత్రం తియ్యలేదు, మూడో గంట మోగింది, ఆయన దండ రాయప్ప గారి మెడలో వెయ్యబోయి, ఆగి, వంగి ఆ పాదాల దగ్గర పెట్టారు, పెట్టి, నా వంక చూడకుండానే ఎదురెళ్ళడానికి వెళ్ళిపోయారు, అది ఒప్పుకోవడమో, పగుళ్ళు పూలతో కప్పడమో నాకు తెలీదు, దండని ఇంత పక్కకి జరిపాను.

పాట దగ్గరికొస్తోంది, ముందు సిలువ, వెనక స్వాములవారు, ఆ వెనక గొడుగు కింద అచ్చాయమ్మ గారు, రానీ, మబ్బు పట్టింది, ఇవాళో రేపో వాన పడుతుంది, ఆకుమళ్ళు తడుస్తాయి, నెల తిరక్కుండా నాట్లు, మళ్ళీ ఆ బురదలోకే, రేపు కమిటీ కూర్చుని ఈ కాళ్ళు పగలగొట్టిస్తుందో ఉంచుతుందో, రాయైపోయిన సిమెంటు బొచ్చెతో సహా బంతిమొక్కల్లోకి గిరాటేశాను, ఎజ్రా మేస్త్రి పని చేస్తూ చెప్పేవాడు ఈ కథ, ప్రభువు పళ్ళెం తెచ్చుకుని ముందు వంగేసరికి రాయప్ప గారు హడలిపోయి కాలు వెనక్కి లాక్కున్నాడట, నువ్వా నా కాళ్ళు కడిగేది, వద్దంటే వద్దన్నాడట, అంత సిగ్గు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు నాకు, తన మడమలు ఎలా ఉన్నాయో ఆయనకి తెలుసు, అదీ సంగతి, పొద్దుట్నుంచీ తాపీ పట్టుకుని నేను చేస్తున్నది కూడా ఆ పనే, పూడుస్తాననీ, దాస్తాననీ, అబద్ధమాడతాననీ, ఎన్ని రకాలుగా లాక్కోవాలో అన్ని రకాలుగా లాక్కుంటున్నాను, ప్రభువు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, మే నెల నుంచీ ఎండలో, చూపు నా పగుళ్ళ మీదే పెట్టి, మళ్ళీ వెళ్ళి కడుక్కుని రావే అనకుండా, ఆ చేతిలో ఉన్నది నా కాలు, ఎవరొచ్చి చూసినా సరే, ఇంక నేను లాక్కోను.