గల్లాపెట్టెలో కార్డు

గోదావరి గట్టు కింద వీధిలో గున్నేశ్వరరావు కిరాణా కొట్టుకి రెండు పేర్లు. బోర్డు మీద ఉన్నది ఒకటి, వీధివాళ్ళు పిలుచుకునేది ‘సలహాల కొట్టు’. కందిపప్పు కోసం వెళ్ళినవాడు కందిపప్పుతో పాటు ఒక సలహా కూడా కట్టించుకుని రావలసిందే. పప్పు తూకం ఖచ్చితంగా ఉండేది. సలహా మాత్రం ఎప్పుడూ మొగ్గు తూకమే.

అన్ని సలహాల్లోకీ ఆయనకి ప్రాణమైనది ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు గురించినది. “కార్డంటే పెట్టుబడయ్యా. అసలు సొమ్ము కదిపినవాడు బాగుపడ్డట్టు మా వంశంలో లేదు. చిన్నాచితకా రోగాలకి వాడేసుకుంటే, రేప్పొద్దున్న పెద్ద జబ్బు వచ్చి కూర్చుంటే ఏం చేస్తావ్?” అనేవాడు. ముట్టుకోకుండా ఉంచితే ఏటేటా అందులో డబ్బు పేరుకుంటుందని ఆయన నమ్మకం. ఎవరు చెప్పారండీ అంటే, “ఒకరు చెప్పేదేంటి, లెక్క అంతేగా!” అని కసిరేవాడు. తాతగారి కాలంలో గల్లాపెట్టె ఒక్కటే వెంటబెట్టుకుని పెనుగొండ నుంచి వచ్చిన కుటుంబం. దాచినది పెరుగుతుందన్న మాట వాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చింది.

కార్డు కూడా ఆ పెట్టెలోనే ఉండేది. శుక్రవారం పొద్దున్నే పెట్టెకి పసుపు రాసి కుంకుమ పెట్టేటప్పుడు కార్డుకీ ఒక బొట్టు పెట్టేవాడు. ఆ రోజు గల్లాలోంచి లక్ష్మి బయటకి కదలకూడదని పట్టు. చిల్లర కూడా వేరే డబ్బాలోంచి తీసి ఇచ్చేవాడు.

భార్య అమ్మణ్ణి కొట్టు వెనక గదిలో పొట్లాలు కట్టేది. ఆవిడ మాట తక్కువ. మొగుడి మాట మాత్రం ఒక్కటీ పొల్లుపోనిచ్చేది కాదు. చివరికి అదే కొంప ముంచబోయింది.

మాఘమాసంలో ఒక శుక్రవారం వార్డు సచివాలయం నర్సు లక్ష్మీప్రసన్న, వీధిలోని ఆడవాళ్ళని ఆ కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడింది. అక్కడ నీడ ఉంది, మంచినీళ్ళున్నాయి, పైగా వీధంతా ఏదో ఒక వేళకి అక్కడికే వస్తుంది. గున్నేశ్వరరావు కాదనలేదు గాని, తన అరుగు మీద ఇంకొకరు సలహా చెప్పడం ఆయనకి గిట్టలేదు.

“కార్డు ఒకసారి వాడితే అయిపోదండి. ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. కానీ ఏ ఏటిది ఆ ఏడే. వాడకుండా మిగిలింది వచ్చే ఏటికి కలవదు,” అంది ప్రసన్న. “అన్ని ఆసుపత్రుల్లోనూ చెల్లదు, అన్ని జబ్బులకీ వర్తించదు. అందుకే వెళ్ళే ముందు నన్నడగండి.”

“అదెలాగమ్మా? దాచుకున్నది పోవడమేంటి?” గున్నేశ్వరరావు త్రాసు కింద పెట్టేశాడు.

“బాబాయ్ గారూ, నిరుడు అమ్ముడవని బ్రెడ్డు ఈ ఏడు అమ్ముతారేంటండి?”

అరుగంతా ఘొల్లున నవ్వింది. చేపలమ్మే చిట్టెమ్మ, “మీ మాట వినే మా ఆయన ఆపరేషను ఇన్నాళ్ళూ వెనక్కి నెట్టుకొచ్చాడండి,” అంది. నవ్వుతూనే అంది గాని, ఆ మాట ఆయనకి చురుక్కుమంది.

ప్రసన్న ఇంకో సంగతి కూడా చెప్పింది. “నొప్పి లేదు కదా అని గడ్డని నమ్మకండి. రొమ్ములో చేతికి ఏమైనా తగిలితే సిగ్గుపడి ఊరుకోవద్దు. తగిలినవన్నీ చెడ్డవి కావు. చెడ్డదైనా తొందరగా చూపించుకుంటే నయం చెయ్యొచ్చు.”

వెనక గదిలో పొట్లాల కాగితం చప్పుడు ఆగిపోయింది. గున్నేశ్వరరావు గమనించలేదు. ఆయనకి బ్రెడ్డు మాటే ఇంకా అరగలేదు.

మధ్యాహ్నం కొట్టు తలుపులు చేరవేసి భోజనానికి కూర్చున్నాక, అమ్మణ్ణి చారు వడ్డిస్తూ అడిగింది.

“ఏమండీ, ఆ పిల్ల నొప్పి లేని గడ్డ అంది కదా. ఆలస్యమైతే ఇంక నయం కాదంటారా?”

“ఎవరికే?”

“నాకేనండి.”

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఎప్పట్నుంచి?”

“దసరాకి ముందు స్నానం చేస్తుంటే తగిలింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు కదా అని...”

“నాకు చెప్పొద్దూ?” అని అరిచాడు.

“చెబితే మీరు కార్డు తీస్తారు. నిరుడు ఆయాసం వచ్చి మెట్ల మీద కూలబడ్డారు కదా. అసలు కదపకూడదని మీరేగా అంటారు. మీ గుండెకి పనికొస్తుందని ఊరుకున్నానండి.”

ఆవిడ అదేమీ త్యాగంలా చెప్పలేదు. పండక్కని నెయ్యి దాచిన సంగతి చెప్పినట్టు చెప్పింది. వీధి మొత్తానికి పంచిపెట్టిన సలహాని తు.చ. తప్పకుండా పాటించిన మనిషి తన ఇంట్లోనే ఉంది. గున్నేశ్వరరావుకి తన మీద తనకే అసహ్యం వేసింది. దాన్ని మించి భయం వేసింది.

చెయ్యి కడుక్కుని గల్లాపెట్టె తెరిచాడు.

“ఇవాళ శుక్రవారమండీ! రేపు వెళదాం.”

“నేను దాచుకోవలసిన లక్ష్మి ఈ పెట్టెలో లేదే. పద.”

ఆ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ప్రసన్నకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. జీవితంలో ఆయన ఒకరిని సలహా అడగడం అదే మొదలేమో. ఆ పూట కొట్టు మళ్ళీ తెరుచుకోలేదు.

ఆసుపత్రిలో కార్డులు చూసే బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కార్డు అటూ ఇటూ తిప్పి, “ఇదేంటండీ, నెంబరే కనబడట్లేదు!” అంది. ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ కుంకుమా పొరలు కట్టి అంకెల్ని మింగేశాయి. “ఆధార్‌తో కూడా చూడొచ్చండి. కాస్త తుడిచిస్తే తొందరగా అయిపోతుంది.”

గున్నేశ్వరరావు తువ్వాలు కొస తడిపాడు. కార్డు మీద పెట్టబోయి ఆగిపోయాడు. తన చేత్తో పెట్టిన బొట్టు. పక్కన అమ్మణ్ణి. ఆవిడ లోపల ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు.

“నా వల్ల కాదే,” అన్నాడు. “నీ పక్కన నిలబడి బొట్టు ఎలా తుడవనే?”

అమ్మణ్ణి ఆయన చేతిలోంచి కార్డు తీసుకుంది. పైట కొంగుతో గట్టిగా రుద్దింది. కొంగు ఎర్రబడింది, అంకెలు బయటపడ్డాయి. ఆవిడ తన నుదుటి మీద వేలు పెట్టి చూపించింది.

“నా బొట్టు ఇక్కడుందండి. అది కార్డు.”

తరవాత కార్డుని బల్ల మీదకి జరిపి, ఆ అమ్మాయితో, “పేరు రాసుకో తల్లీ. ఆయనది కాదు, నాది. అమ్మణ్ణి,” అంది.